మైనస్ ఒకటి

కార్ల ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు దిగి
ఉగ్గాని తినేకి వస్తాడు ఆయప్ప.
పేరు నామ్‌గుంగ్ హ్యొక్.
నామ్‌గుంగ్ ఇంటిపేరంట,
మన మాదిరే ఇంటిపేరు ముందర, మనిషి వెనక.
నాకు అర్థమైంది.
పెనుకొండ బ్యాంకుకు అర్థం కాలే.
ఒక తూరి తిప్పి రాసినారు, ఒక తూరి విరిచి రాసినారు,
నడుమ చుక్క పెట్టి
ఎవురికీ పుట్టని ఒక కొత్త మనిషిని పుట్టించినారు.

పాస్‌పోర్టులో ఒకడు, వీసాలో ఒకడు,
పాన్ కార్డులో ఇంకొకడు.
ముగ్గురూ ఒకడేనని
స్టాంపు కాగితం మింద రాయించుకోనొచ్చి
"నేనే నేను అని చెప్పేకి
రెండు నూర్లు అయిందక్కా" అని
ఫోన్లో తెలుగు పలికించి నగినాడు.

జీతం ఖాతా ఎట్లనో తెరిచినారు.
క్రెడిట్ కార్డు మాత్రం ఇయ్యలే.
వాళ్ళ ఊర్లో ఇరవై రెండేండ్ల నుంచీ
కార్డుండాదంట, ఒక కంతు గూడ తప్పలేదంట.
ఆ మంచితనం విమానం ఎక్కదంట.
ఈడ కంప్యూటర్లో కొడితే
మైనస్ ఒకటి.
సున్నా అయినా బాగుండు,
సున్నా అంటే ఏమీ లేదని.
మైనస్ ఒకటంటే ఏంది సార్?
"నువ్వు ఇంకా పుట్టలేదని"
అన్నాడు ఆఫీసరు తిప్పేస్వామి.

"లక్ష డిపాజిట్ కట్టు,
దాని మింద ఎనభై వేలకు కార్డిస్తాం."
తన కమ్మలు తానే కుదవ పెట్టుకోని
తన లెక్క తానే అప్పు తీసుకునేది.
ఇట్లాంటి కుదువంగడి నేను యాడా చూడలే.

ఆ మైనస్ ఒకటి నాకూ తెలుసు.
పోయినేడు గ్రైండరుకు లోనడిగితే
నాకూ అదే చూపించినారు.
ఊరు కదల్లేదు, జిల్లా కదిలింది:
ఆధార్‌లో అనంతపురం, కరెంటు బిల్లులో ఇంకో పేరు.
పన్నెండేండ్లు ఈ రోడ్డులో పొయ్యి ఆర్పనిదాన్ని,
బ్యాంకుకు మాత్రం
నేనూ నిన్న విమానం దిగినదాన్నే.

నా దగ్గరొక పుస్తకం ఉండాది.
అట్ట ఊడింది, నూనె తాగింది.
అందులో 'గుంగు' అని ఆయప్పకొక పద్దు.
ఉగ్గాని బజ్జి నలభై.
ముద్ద, ఊరిబిండి డెబ్బై.
జరమొచ్చిన వారం గంజి, దానికి రాయలే.
ఒకటో తారీకు రాంగనే అడ్డగీత.
పదకొండు నెలలు, పదకొండు గీతలు.

పుస్తకం సంకన పెట్టుకోని పోయినా బ్యాంకుకు.
నగుతాడనుకుంటి, తిప్పేస్వామి నగలే.
తిప్పతా తిప్పతా ఒకతాన ఆగిపోయినాడు.
అది ఆయన పేజీనే.
గీత పడి మూణ్ణెల్లయింది.
నేను ఫ్యాను దిక్కు చూసినా.

పుస్తకం పనికొచ్చిందని చెప్తే అబద్ధం.
ఆయప్ప డిపాజిట్టే కట్టినాడు చివరికి.
అద్దింటోళ్ళు కాగితం ఇయ్యలేదని
అడ్రసు మాత్రం నాది రాసినాడు:
కేరాఫ్ దూదేకుల మాబున్ని,
మెస్సు, రైలు గేటు పక్కన.

కార్డు దారిలో ఉండంగనే
కంపెనీ ఇంకో దేశానికి తోలింది.
పోయే దినం బాకీ మొత్తం లెక్కబెట్టి ఇచ్చినాడు.
వద్దప్పా, అంతా కట్టగూడదు,
ఒక రూపాయన్నా మిగలల్ల,
పద్దు తెగితే మనిషి తెగినట్ల,
మా అత్త చెప్పేది అంటి.
ఫోను దాన్ని ఎట్ల తిప్పి చెప్పిందో ఏమో,
శానా సేపు నిలబడి
ఒక రూపాయి బిళ్ళ వెనక్కి తీసుకున్నాడు.

నిన్న వచ్చింది కార్డు.
కవరు మింద పేరు ఇంకా తిరగబడే ఉండాది.
"ఆయనకు నువ్వేమయితావు?
ఈ గడిలో సంబంధం రాయల్ల"
అన్నాడు కొరియర్ పిల్లోడు.
చేతి పిండి కొంగుకు తుడుచుకోని
నేనే రాసినా:
బాకీ.